తరగతి చర్చలో నోరు విప్పని పిల్లలకు మార్కులు ఎలా వేయాలి?

ఉద్దానం సైన్స్ (కవిటి మండలం, శ్రీకాకుళం జిల్లా) రాసినది:

మిత్రులందరికీ నమస్కారం. నేను ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెబుతున్నాను. ఎఫ్‌ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్, అంటే ఏడాది మధ్యలో చేసే నిర్మాణాత్మక మూల్యాంకనం) మార్కులు వేసే ప్రతిసారీ మనసులో ముల్లులా గుచ్చుకుంటున్న ఒక విషయాన్ని మీ ముందు పెడుతున్నాను. అనుభవం ఉన్నవారు విడమరచి చెప్పాలని కోరుతున్నాను.

రాత పనులకు, ప్రాజెక్టుకు, స్లిప్ టెస్టుకు వేసే మార్కులకు నా దగ్గర కాగితం ఉంటుంది. ఎవరు అడిగినా తీసి చూపించగలను. పిల్లల భాగస్వామ్యం, ప్రతిస్పందనలు అనే గడికి మాత్రం ఏ కాగితమూ ఉండదు. ఇన్నేళ్ళుగా ఆ పది మార్కులు ఎలా వేశానని నన్ను నేనే ప్రశ్నించుకుంటే, గట్టిగా మాట్లాడేవారికి తొమ్మిది, మధ్యరకం వారికి ఏడు, నోరు విప్పనివారికి అయిదు వేసుకుంటూ వచ్చానని ఒప్పుకోవలసి వస్తోంది.

గత నెలలో ఎనిమిదో తరగతిలో మా ఉద్దానం ప్రాంతంలో చాలామందికి వస్తున్న కిడ్నీ జబ్బు మీద చర్చ పెట్టాను. తరగతిలో 42 మంది ఉన్నారు. ‘జబ్బుకు కారణం నీళ్ళేనా?’ అని అడిగాను. నీళ్ళలోని సిలికా, పురుగుమందులు, అదే పనిగా మింగే నొప్పి మాత్రలు, ఎండలో నీళ్ళు తాగకుండా పనిచేయడం అంటూ పెద్దల దగ్గరా వార్తల్లోనూ విన్నవన్నీ ముందు బెంచీలవారు వరుసగా అప్పజెప్పారు. ఒక అబ్బాయి ఒక్కడే ఎనిమిదిసార్లు మాట్లాడాడు. గంట కొట్టడానికి అయిదు నిమిషాల ముందు, కిటికీ పక్కన కూర్చునే అమ్మాయి, కంపాస్ పెట్టె మూతను తెరుస్తూ మూస్తూ, చెయ్యి సగమే ఎత్తింది. ఆ పిల్ల తనంతట తాను మాట్లాడడం నాకు గుర్తున్నంతవరకు అదే మొదటిసారి. ‘మా తాత, మా సిన్నాన్న ఒకే నూతి నీల్లు తాగినారు సార్. సిన్నాన్నకి వచ్చింది, తాతకి రానేదు. నీల్లే అయితే ఇద్దరికీ రావాల కదా?’ అని అడిగింది.

తరగతి ఒక్కసారిగా నిశ్శబ్దమైంది. అందరూ ఒప్పేసుకున్న కారణాన్ని ఆ అమ్మాయి తన ఇంటి ఉదాహరణతో పరీక్షకు పెట్టింది. ఈ జబ్బుకు కచ్చితమైన కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదంటే, అడ్డుపడుతున్న ప్రశ్నలలో ఇదే తీరు ప్రశ్న ఒకటి. సాయంత్రం రిజిస్టరు తెరిచి చూస్తే, ఆమె పేరుకు ఎదురుగా గత ఎఫ్‌ఏలో నేను వేసిన అయిదు మార్కులు కనిపించాయి.

ఏడాదికి ఒక్కసారి మాట్లాడినా ఇంత లోతుగా ఆలోచించే పిల్లకు ఎన్ని మార్కులు వేయాలి? ఎనిమిదిసార్లు మాట్లాడి, విన్నదే చెప్పిన అబ్బాయికి ఎన్ని వేయాలి? అసలు ఆలోచనను కొలిచే పద్ధతి మన తరగతిగదుల్లో సాధ్యమేనా?


చంపావతి (తెలుగు ఉపాధ్యాయిని, విజయనగరం జిల్లా) రాసినది:

మాస్టారూ, ఆ అమ్మాయి మాటలను ఉన్నవి ఉన్నట్టు రాసినందుకు ముందుగా మీకు కృతజ్ఞతలు. ఎందుకంటే చాలా తరగతుల్లో ఆ ప్రశ్న అంతదూరం వచ్చేది కాదు. ‘నీల్లు కాదమ్మా, నీళ్ళు, రానేదు కాదు, రాలేదు’ అని మధ్యలో ఎవరో ఒకరు దిద్దేవారు, పిల్ల అక్కడితో కూర్చుండిపోయేది. ఈ తప్పు నేనే చేశాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఉచ్చారణ సరిదిద్దడమే తెలుగు టీచరు మొదటి పని అనుకొని, పిల్లలు చెబుతున్న విషయాన్ని వినకుండా చెబుతున్న తీరును మాత్రమే విన్నాను. దాని ఫలితంగా నా తరగతిలో పుస్తకభాష పట్టుబడిన అయిదారుగురు మాత్రమే మాట్లాడేవారు. నా రిజిస్టరులో వారే ఆలోచనాపరులు.

శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి గారు మాట్లాడే భాషకు చదువులో చోటు కావాలని జీవితమంతా వాదించారు. సవర అనే గిరిజన తెగ పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పాలని ఆ భాష నేర్చుకొని వాచకాలు తయారుచేశారు. ఆయన పుట్టిన గడ్డ మీద ఉండి కూడా, ‘ఏమిటి’కి బదులు ‘ఏటి’ అన్నందుకు ఒక పిల్లకు భాగస్వామ్యంలో మార్కు తగ్గుతోందంటే మనం సిగ్గుపడాలి. మెళియాపుట్టి, పాతపట్నం వైపు సవర పిల్లలున్న బడుల్లో పనిచేసేవారికి ఈ బాధ ఇంకా బాగా తెలుస్తుంది. ఇంట్లో ఒక భాష, బడిలో ఇంకొక భాష అయిన పిల్ల మనసులో వాక్యం కూర్చుకునేలోపు చర్చ ముందుకు వెళ్ళిపోతుంది.

కాబట్టి నా మొదటి సూచన ఏమిటంటే, చర్చకు మార్కులు వేసేటప్పుడు భాషను పూర్తిగా పక్కన పెట్టాలి. భాషకు వేరే పీరియడ్ ఉంది, వేరే పరీక్ష ఉంది.


విశ్రాంత అధ్యాపకుడు (శ్రీకాకుళం) రాసినది:

ఉపాధ్యాయ శిక్షణలో చాలా ఏళ్ళు పనిచేసినవాడిగా కొంచెం వివరంగా రాస్తాను, ఓపికగా చదవండి.

ఎన్నిసార్లు మాట్లాడారన్నది ఒక విషయం, ఎలా ఆలోచించారన్నది మరొక విషయం. మన రిజిస్టరులో రెండింటికీ కలిపి ఒకటే గడి ఉండడం వల్ల, లెక్కపెట్టడానికి సులువైన మొదటిది రెండవదాన్ని మింగేసింది. ఆలోచనా స్థాయిలను మెట్లు మెట్లుగా విడదీస్తూ విద్యావేత్త బ్లూమ్ 1956లో చేసిన వర్గీకరణనూ, దానికి 2001లో వచ్చిన సవరణనూ శిక్షణలో అందరమూ చదువుకున్నాం. విశ్లేషించడం, విలువ కట్టడం పై మెట్లలో ఉంటాయని మనకు తెలుసు. అయితే ‘విశ్లేషించండి’ అని ప్రశ్న రాసినంత మాత్రాన విశ్లేషణ జరిగిపోదు. గైడులో ఉన్న విశ్లేషణను కంఠస్థం చేసి చెబితే అది జ్ఞాపకశక్తి మాత్రమే. మీ తరగతిలో ఎనిమిదిసార్లు మాట్లాడిన అబ్బాయి చేసినది బహుశా అదే. అది అతని తప్పు కాదు. మీరు అడిగిన ప్రశ్నకు జవాబు అతనికి ముందే తెలుసు.

చర్చలో ఆలోచన కంటికి కనబడే సందర్భాలు కొన్ని ఉన్నాయి. అడగకుండానే కారణం చెప్పడం, ‘నీకెలా తెలుసు?’ అంటే ఆధారం చూపించడం, ఎదురు ఉదాహరణ తేవడం, మరొకరి మాటను పట్టుకొని దానికి ఇంకొంత చేర్చడం, సరైన కారణం విన్నప్పుడు తన మాట మార్చుకోవడం వంటివి వాటిలో ముఖ్యమైనవి. వీటిలో ఏది కనిపించినా ఆ పిల్లవాడి పేరు పక్కన ఒక అక్షరం వేసుకోండి. మార్కు వేయకండి, అక్షరమే వేయండి. ఆ మాటలను క్లుప్తంగా రాసుకోండి. ఎఫ్‌ఏ నాటికి మీ దగ్గర కాగితం ఉంటుంది. 42 మందినీ ఒకేసారి గమనించడం ఎవరివల్లా కాదు. రోజుకు ఆరుగురి చొప్పున చూస్తే ఏడు చర్చల్లో తరగతి అంతా పూర్తవుతుంది. దేనికోసం చూస్తున్నామో పిల్లలందరికీ ముందే చెప్పండి. ఏ రోజు ఎవరిని చూస్తున్నామో మాత్రం చెప్పకండి.

ఇంకొక మాట. అమెరికాలో మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు 1970ల్లో సైన్స్ తరగతులను రికార్డు చేసి గమనించినప్పుడు, ఉపాధ్యాయులు ప్రశ్న అడిగాక సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారని తేలింది. దానిని మూడు సెకన్లకు పెంచితే జవాబుల నిడివి పెరిగింది, పిల్లలు తమంతట తాము మాట్లాడడమూ ప్రశ్నలు అడగడమూ పెరిగాయి. మూడు సెకన్లే కదా అనిపిస్తుంది కానీ, తరగతిలో నిలబడి చూడండి, ఎంత పొడవుగా ఉంటాయో తెలుస్తుంది. కిటికీ పక్కన కూర్చున్న అమ్మాయికి చెయ్యి ఎత్తడానికి నలభై నిమిషాలు ఎందుకు పట్టిందో ఆలోచించండి.


లెక్కల మాస్టారు (బొబ్బిలి) రాసినది:

గురువు గారి మాటలకు లెక్కల తరగతి నుంచి ఒక ఉదాహరణ చేర్చాలనుకుంటున్నాను, ఎందుకంటే లెక్కల్లో చర్చ ఏముంటుందని చాలామంది అనుకుంటారు.

రెండు బేసి సంఖ్యలను కూడితే సరి సంఖ్యే ఎందుకు వస్తుందని ఏడో తరగతిలో అడిగాను. ఒక అమ్మాయి చకచకా లేచి, మూడూ అయిదూ ఎనిమిది, ఏడూ తొమ్మిదీ పదహారు, పదకొండూ పదమూడూ ఇరవైనాలుగు అని చెప్పింది. చప్పట్లు కొట్టారు. వెనుక బెంచీలో ఒక అబ్బాయి లేవకుండానే, పక్కవాడితో అన్నట్టుగా, ‘బేసి అంటే జత కుదరక ఒకటి మిగిలిపోద్ది. ఇక్కడొకటి మిగిలింది, అక్కడొకటి మిగిలింది. ఆ రెండూ జతైపోతాయి కదా’ అన్నాడు. మొదటి అమ్మాయి ఉదాహరణలు ఇచ్చింది, ఆ అబ్బాయి కారణం ఇచ్చాడు. పాత పద్ధతిలో అయితే అమ్మాయికి తొమ్మిది వేసి, లేవకుండా మాట్లాడినందుకు అబ్బాయిని మందలించి ఉండేవాణ్ణి.

ఉదాహరణలు ఎన్ని ఉన్నా అవి కారణం కావని చూపించడానికి మరునాడు పదో తరగతిలో ఒక సంఖ్యను తీసుకొని, దాని వర్గానికి ఆ సంఖ్యనే కలిపి, ఆపైన 41 కూడమన్నాను. సున్నా నుంచి 39 వరకు ఏది తీసుకున్నా ప్రధాన సంఖ్యే వస్తుంది. పిల్లలు పది, పదిహేను వరకు చేసి, ఎప్పుడూ ప్రధాన సంఖ్యే వస్తుందని తీర్మానించారు. 40 వేయమన్నాను. 1681 వచ్చింది, అది 41ని 41తో గుణిస్తే వచ్చేది. తరగతిలో ఎవరూ అల్లరి చేయలేదు, నలుగురు మాత్రం పుస్తకాలు మూసి బోర్డు వైపు చూస్తూ ఉండిపోయారు. ఆ నలుగురిలో ఇద్దరు ఆ రోజు ఒక్క మాట కూడా మాట్లాడలేదు. మౌనంగా ఉన్న ఆ ఇద్దరికి ఏమి వేయాలో నాకూ తెలియలేదు. చివరి అయిదు నిమిషాల్లో ‘ఈ రోజు నీ అభిప్రాయం ఎక్కడ మారింది, ఎందుకు మారింది?’ అని రెండు వాక్యాలు రాయమనడం అప్పటి నుంచి అలవాటు చేశాను. మాట్లాడని పిల్లల చిట్టీల్లోనే నాకు ఎక్కువగా దొరుకుతోంది.


ఒక తల్లి (విజయనగరం) రాసినది:

నేను టీచరును కాను. మా అబ్బాయికి నత్తి ఉంది. ఇంట్లో క్రికెట్ గురించి, రైళ్ళ గురించి గంటలు గంటలు వాదిస్తాడు. గత ఏడాది ఒక బడిలో ప్రోగ్రెస్ కార్డు మీద ‘చర్చల్లో పాల్గొనడు, ఆసక్తి లేదు’ అని రాశారు. వాడు ఆ కార్డును వాళ్ళ నాన్నకు చూపించకుండా మూడు రోజులు సంచిలో దాచుకున్నాడు. పాల్గొనడు అనే మాట వరకు ఒప్పుకుంటాను. ఆసక్తి లేదని వారికి ఎలా తెలిసింది? లెక్కల మాస్టారు చెప్పిన చిట్టీ పద్ధతి అక్కడ ఉండి ఉంటే వాడు పేజీలకు పేజీలు రాసేవాడు. దయచేసి మీరందరూ ఈ విషయం గుర్తుపెట్టుకోండి.


మహేంద్రతనయ (సాంఘిక శాస్త్రం, మందస మండలం) రాసినది:

అమ్మా, మీరు రాసినది చదివాక మా తరగతి రిజిస్టరు మళ్ళీ తిరగేశాను. మా దగ్గర కూడా అలాంటి మాటలే ఉన్నాయి. ఈ వారంలో దిద్దుతాను. విద్యాహక్కు చట్టం, 2009లోని 29వ సెక్షన్ పిల్లల అవగాహనను నిరంతరంగా, సమగ్రంగా మూల్యాంకనం చేయాలని చెబుతుంది. సరిగ్గా దాని ముందు అంశంలోనే, పిల్లలను భయం నుంచి, ఆందోళన నుంచి విముక్తులను చేసి, అభిప్రాయాలను స్వేచ్ఛగా చెప్పడానికి తోడ్పడాలని ఉంది. మనం మూల్యాంకనం దగ్గర మొదలుపెట్టి, దానికి ముందున్నదాన్ని దాటేస్తున్నాం.

ఉద్దానం సైన్స్ మాస్టారికి మాత్రం ఒక మాట చెప్పాలి. మీరు ఎంచుకున్న అంశం గొప్పది, పిల్లల బతుకులోంచి వచ్చినది. కానీ మన మండలాల్లో ప్రతి తరగతిలోనూ డయాలసిస్‌కు తిరుగుతున్న తండ్రో, మేనమామో, ఇటీవలే పోయిన బామ్మో ఉన్న పిల్లలు ఉంటారు. ఆ చర్చలో ఒక పిల్లవాడు తల దించుకొని కూర్చుంటే అది భాగస్వామ్యం లేకపోవడం కాదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను కొబ్బరి తోటలను కూల్చేసిన మరుసటి సంవత్సరం, ఆ నష్టం మీద నేను చర్చ పెట్టాను. ‘చెట్లు పడిపోయాక మళ్ళీ కొబ్బరే వేయాలా, వేరే పంట వేయాలా?’ అన్నది ప్రశ్న. తోటంతా పోగొట్టుకున్న ఇంటి పిల్లవాడు పీరియడ్ అంతా డెస్కు మీద గోటితో గీతలు గీస్తూ కూర్చున్నాడు. నేను అతని పేరు పక్కన సున్నా పెట్టాను. ఆ సున్నా ఇప్పటికీ నాకు కళ్ళ ముందే కనబడుతుంది. అటువంటి రోజుల్లో మార్కుల పుస్తకం బల్ల మీద అసలు తెరవకూడదని నా అభిప్రాయం.


ఉద్దానం సైన్స్ రాసినది:

మందస మాస్టారు చెప్పినది నిజం. ఆ అమ్మాయి చెప్పిన చిన్నాన్న పరిస్థితి ఏమిటో నేను అప్పుడు అడగలేదు. మరునాడు విడిగా అడిగాను. ఆయన వారానికి రెండుసార్లు డయాలసిస్‌కు వెళ్తున్నారు. అంత బాధలోంచి ఆ ప్రశ్న అడిగిందని తెలిశాక, దానికి నేను మార్కు వేయడమే తప్పేమో అనిపించింది. ఆమెను మాత్రం, ‘నీ ప్రశ్నను బోర్డు మీద రాసి ఉంచవచ్చా?’ అని అడిగాను. ఒప్పుకుంది.

ఇక గురువు గారు చెప్పిన పద్ధతిని మూడు వారాలుగా చేస్తున్నాను. మొదట మార్చింది ప్రశ్నను. ‘నీటి కాలుష్యానికి కారణాలేవి?’ వంటి ప్రశ్నలు అడిగినంత కాలం పాఠం అప్పజెప్పడమే జరిగింది. ‘ఒకే నూతి నీళ్ళు తాగిన ఇద్దరిలో ఒకరికే జబ్బు వస్తే, నూతిదే తప్పని అనగలమా? తేల్చుకోవాలంటే ఇంకా ఏమేమి తెలియాలి?’ అని అడిగేసరికి, ఇద్దరి వయసు, చేసే పని, ఎండలో ఉన్న గంటలు, వేసుకున్న మాత్రలు, ఎన్నేళ్ళుగా ఆ నీళ్ళు తాగుతున్నారు అన్నవన్నీ పిల్లలే బయటకు తీశారు. ఎనిమిదిసార్లు మాట్లాడిన అబ్బాయి ఈసారి మూడుసార్లే మాట్లాడాడు, కానీ మూడోసారి ‘ఇద్దరిని చూస్తే సరిపోదు సార్, ఊరంతా చూడాలి’ అన్నాడు. అతన్ని నేను మొదట తక్కువగా అంచనా వేశానని ఇక్కడ చెప్పడం న్యాయం.

ఒక చిక్కు వచ్చింది. మా బడిలో సాంఘిక శాస్త్రం మేడం గారిని వెనుక కూర్చోబెట్టి, ఇద్దరమూ విడివిడిగా అక్షరాలు వేసుకున్నాం. తర్వాత పోల్చి చూస్తే ఆరుగురిలో నలుగురి దగ్గర ఒకటే వచ్చింది, ఇద్దరి దగ్గర తేడా వచ్చింది. ఒక పిల్లవాడు ‘అవును, నేను మార్చుకుంటున్నాను’ అన్నాడు. నేను మాట మార్చుకున్నందుకు అక్షరం వేశాను. మేడం వేయలేదు. ‘అతను కారణం విని మార్చుకోలేదు, స్నేహితులందరూ అటువైపు ఉన్నారని మార్చుకున్నాడు’ అన్నారు. పిల్లవాణ్ణే అడిగితే తల వంచుకొని నవ్వాడు. మేడం మాటే నిజం.


విశ్రాంత అధ్యాపకుడు రాసినది:

ఆ తేడా రావడమే మేలు చేసింది, మాస్టారూ. ఇద్దరూ కూర్చొని ఎందుకు వేశాం, ఎందుకు వేయలేదని మాట్లాడుకోవడం వల్లనే కొలత నిక్కచ్చిగా తయారవుతుంది. మాట మార్చుకున్న ప్రతి పిల్లవాణ్ణీ ‘ఎవరి ఏ మాట విని మార్చుకున్నావు?’ అని అడగండి. చెప్పగలిగితే అక్షరం వేయండి. అలాగే మార్చుకోకుండా గట్టిగా నిలబడినవాణ్ణి మొండివాడని అనుకోకండి. ఎదుటివారి వాదాన్ని తన నోటితో ఒకసారి సరిగ్గా తిరిగి చెప్పి, అయినా తాను ఎందుకు ఒప్పుకోవడం లేదో చెబితే, అది కూడా అంతే విలువైనది.


చంపావతి రాసినది:

నాకు ఒక్క దగ్గర అందరితోనూ విభేదం ఉంది. ఇంత శ్రమపడి రాసుకున్న అక్షరాలను చివరకు పదికి ఏడు, పదికి ఎనిమిది అని మారుస్తున్నాం. రూత్ బట్లర్ అనే పరిశోధకురాలు 1988లో ప్రచురించిన అధ్యయనంలో, వ్యాఖ్య మాత్రమే అందుకున్న పిల్లలు తర్వాతి పనిలో మెరుగుపడ్డారు; మార్కు మాత్రమే అందుకున్నవారూ, మార్కు, వ్యాఖ్య రెండూ అందుకున్నవారూ అలా మెరుగుపడలేదు. మార్కు కనబడగానే పిల్ల వ్యాఖ్యను చదవదు. ఈ సంగతి మన ఇళ్ళల్లో కూడా చూస్తూనే ఉన్నాం, ప్రోగ్రెస్ కార్డు రాగానే ముందు చూసేది అంకెనే కదా. మార్కు వేయక తప్పదు కాబట్టి వేద్దాం, కానీ చర్చ జరిగిన వారంలో పిల్లకు చేరవలసినది ఒక వాక్యం మాత్రమే. ‘నువ్వు తాతను, చిన్నాన్నను పోల్చి అడిగిన ప్రశ్నతో మేమందరం ఆగి ఆలోచించాం. వచ్చేసారి, ఆ ఇద్దరిలో ఇంకేమి తేడా ఉందో కూడా నువ్వే చెప్పి చూడు’ అన్నంత వివరంగా ఉండాలి. ‘బాగుంది’, ‘ఇంకా పాల్గొనాలి’ అనే రబ్బరు స్టాంపు మాటలు వద్దు. అంకె ఎఫ్‌ఏ నాడు రిజిస్టరులోకి వెళ్తుంది, అంతే.


లెక్కల మాస్టారు రాసినది:

మేడం గారితో ఏకీభవిస్తున్నాను. అంకెగా మార్చేటప్పుడు నేను పాటించేది ఒక్కటే. ఎక్కువ అక్షరాలు ఉన్నవారికి ఎక్కువ మార్కులు అని కూడితే మళ్ళీ మాటలు లెక్కపెట్టినట్టే అవుతుంది. అందుకని ఒక్కొక్కరి దగ్గర ఉన్నవాటిలో అన్నిటికంటే మంచిదాన్ని మాత్రమే చూసి మార్కు వేస్తున్నాను. చిట్టీలో రాసినదైనా, నోటితో అన్నదైనా, జట్టులో పక్కవాడి చెవిలో చెప్పగా పక్కవాడు లేచి చెప్పినదైనా సరే. ‘ఈ మాట మా వాడు చెప్పాడు సార్’ అని చెప్పేవారు మా తరగతిలో ఇప్పుడు ఎక్కువయ్యారు.


ఒక తల్లి రాసినది:

ఈ అక్షరాలు వేసుకోవడానికి మీరు తయారుచేసిన పేజీ ఎవరైనా ఇక్కడ పెడితే, మా అబ్బాయి క్లాస్ టీచరు గారికి చూపిస్తాను. ఈ ఏడాది వచ్చిన మేడం గారు అడిగినది వింటారు.


ఉద్దానం సైన్స్ రాసినది:

తప్పకుండా పెడతాను, అమ్మా. ఒక చర్చకు ఒక పేజీ చేశాను. పైన ఆ రోజు ప్రశ్న, ఎడమవైపు ఆరుగురి పేర్లు, ఒక్కొక్కరికి అయిదు గడులు: కారణానికి ‘కా’, ఆధారానికి ‘ఆ’, ఎదురు ఉదాహరణకు ‘ఎ’, ఇతరుల మాటకు జోడింపు చేస్తే ‘జో’, కారణం చెప్పి మాట మార్చుకుంటే ‘మా’. వాటి పక్కన, పిల్లలు అన్న మాటను వారి యాసలోనే రాసుకోవడానికి వెడల్పాటి ఖాళీ వదిలాను. అడుగున చిట్టీ నుంచి తీసుకున్న వాక్యానికి ఒక వరుస ఉంది. పేజీ మూలన చిన్న చతురస్రం గీశాను; మందస మాస్టారు చెప్పినట్టు, మార్కుల పుస్తకం తెరవకూడని రోజున అందులో ఒక గీత పెడితే ఆ పేజీ లెక్కలోకి రాదు.

కిడ్నీ జబ్బు చర్చ జరిగిన రోజు పేజీలో ఆ గీత పెట్టాను. ఆ అమ్మాయి అయిదు మార్కులను ఇంకా దిద్దలేదు. వచ్చే మంగళవారం విత్తన వ్యాప్తి మీద చర్చ ఉంది, ఆ రోజు చూడవలసిన ఆరుగురిలో ఆమె పేరు ఉంది. ప్రశ్న అడిగాక మూడు కాదు, అయిదు సెకన్లు ఆగుతాను.